వెండిపై మృగము, వనములో మృగము

ధనత్రయోదశి వచ్చిన చాలును, దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీ నగర్ కూడలి వరకు గల పెద్దబాటకు ఇరువైపుల నగల దుకాణములు జనముతో క్రిక్కిరిసిపోవును. బంగారము కొన శక్తిలేనివారు వెండి కొందురు. వెండి పాత్ర కొన శక్తిలేనివారు ఒక వెండి బిళ్ళయైన కొని, పసుపు కుంకుమ పెట్టి, దేవుని గూటిలో నుంతురు. లక్ష్మీదేవి బొమ్మయో, విఘ్నేశ్వరుని బొమ్మయో గల ఆ బిళ్ళలు మనకు క్రొత్త కావు. క్రొత్తదేమన, ఇటీవల ఆ వరుసలోనికి అడవిమృగములు వచ్చి చేరినవి. ఏనుగు, తోడేలు, ఎలుగుబంటి, పాండా, కంగారూ మొదలగు దేశదేశముల జంతువులు అద్దమువలె మెరయు వెండిపై నిలిచి, ప్లాస్టిక్ డిబ్బీలలో కూర్చుండి, సేకరణప్రియులను పిలుచుచున్నవి. అద్దాల బీరువాలో లేనివి చేతిఫోను అంగడిలో దొరకుచున్నవి. ఉద్యోగములు చేయు యువకులు వానిని కొని, వరుసలు పేర్చి, మిత్రులకు చూపి మురియుచున్నారు.

ఎల్బీ నగర్ కూడలి దాటి, అదే బాటను విజయవాడ దిక్కుగా కొంత దూరము పోయిన, వనస్థలిపురము చెంత చెట్లగుంపు కనబడును. అది మహావీర హరిణ వనస్థలి. ఒకప్పుడది నిజాము ప్రభువుల వేటస్థలము. వర్ధమాన మహావీరుని నిర్వాణమునకు 2500 ఏండ్లు నిండిన సందర్భమును పురస్కరించుకొని 1975లో ఆయన పేరిట మృగరక్షణకై దానిని కేటాయించిరి. 1994లో అది జాతీయోద్యానమైనది. సుమారు పదునాలుగున్నర చదరపు కిలోమీటర్ల ఆ వనములో కృష్ణజింకలు కలవు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణములో కెనడా తోడేలును కొని జేబులో వేసికొన్న వనస్థలిపుర వాసి, ఇల్లు చేరునప్పటికి కృష్ణజింకకు కూతవేటు దూరములో నుండును. ఆ తోడేలు పుట్టిన సంవత్సరము, తూకము, వన్నె అతడు కంఠస్థముగా చెప్పగలడు. వనములోని జింకను ఒకనాడైనను పోయి చూచినవాడు కాడు. దుకాణపు పెట్టెలో మేము వెదకితిమి. అన్ని మృగములు కలవుగాని కృష్ణజింక కానరాలేదు. ఈ విపరీతమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదటనే ఒక మాట విన్నవింతుము. నాణెములు సేకరించువారిని మేము పరిహసింపబోము. అది సోమరుల వేడుక కాదు. మన పూర్వచరిత్రలో ఎంతో భాగము నాణెముల నోటనే మనకు తెలిసినది. శాతవాహనుల పేర్లు పురాణములలో నున్నను, గోదావరీతీరమున కోటిలింగాలలో దొరికిన నాణెములు లేకున్నచో ఆ వంశపు తొలిరాజులను తెలంగాణపు మట్టితో ముడివేయుట దుస్తరమై యుండెడిది. తుప్పుపట్టిన సీసపు ముక్కను చూచి పారవేయక, తుడిచి, అక్షరము కూడబలుకుకొని చదివినవారి ఋణము మనపై నున్నది. కావున సేకరణ మంచిదే. ఏమి సేకరించుచున్నాము, ఏల సేకరించుచున్నాము అనునదే విచారింపదగిన విషయము.

రూపాయి అను పేరునే చూడుడు. సంస్కృతమున రూప్యమనగా వెండి. రూపము ముద్రింపబడినది యని ఆ మాటకు అర్థము చెప్పుదురు. రూపము లేనినాడు వెండి వట్టి లోహము. రూపము పడిననాడు నాణెము. ఆ రూపము ఎవరిది కావలెనన్న ప్రశ్న టంకశాల పుట్టిననాటినుండియు కలదు. క్రీస్తునకు పూర్వము చెల్లిన ముద్రాంకిత రజతనాణెములపై సూర్యుడు, కొండ, చెట్టు మొదలగువానితోపాటు ఏనుగును వృషభమును కలవు. మన అమరావతిలో అట్టి నాణెముల నిధియే బయల్పడినది. తరువాత శాతవాహనులు తమ వెండి నాణెములపై రాజు ముఖమును వేసిరి. సామాన్యుని చేతిలో తిరుగు సీసపు నాణెములపైనను, పోటిన్ అను మిశ్రలోహపు నాణెములపైనను తొండమెత్తిన ఏనుగును, సింహమును వేసిరి. ఈ భేదమును పాఠకులు గమనింపవలెను. మృగము నాడు ధనికుని పెట్టెలో దాగలేదు. ఉప్పు కొనువాని చేతినుండి ఉప్పు అమ్మువాని చేతికి, సంతనుండి సంతకు నడచెను.

ఇక వరాహము మాట చెప్పనేల! వేంగి చాళుక్యులకు వరాహము లాంఛనము. ఏ రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టు భారతమును తెనిగింప మొదలిడెనో, ఆ రాజు బంగారు నాణెములపై వరాహము కలదు. అట్టి నాణెములు సముద్రము దాటి బర్మా తీరపు దీవులలో గూడ దొరికినవి. కాకతీయులకును వరాహమే లాంఛనమయ్యెను. కాలక్రమమున బంగారు నాణెమునకే వరహా యని పేరు నిలిచెను. భద్రాచల రామదాసు కథలో వరహాల మాట వినని తెలుగువాడు లేడు. అడవిపంది పేరు ధనమునకు పేరైన భాష మనది. మృగముద్రగల నాణెము మనకు పడమటినుండి దిగుమతియైన వింత కాదని చెప్పుటకే ఇంత వ్రాసితిమి.

బ్రిటిషువారి కాలమున వెండి రూపాయిపై రాజు తలయే ప్రధానము. అయినను అందునను ఒక మృగము దూరి పెద్ద అలజడి చేసెను. 1911లో అయిదవ జార్జి పేరిట వచ్చిన క్రొత్త రూపాయిపై రాజు వేసికొన్న హారమునందు చిన్న ఏనుగు బొమ్మ యొకటి కలదు. చెక్కినవాని చేతివాటము చాలక, దాని తొండమును కాళ్ళును పొట్టివై, అది ఏనుగువలె గాక పందివలె కనబడెను. మహమ్మదీయ ప్రజలు తమ మతమున కవమానమని ఆక్షేపించిరి. ప్రభుత్వము ఆ రూపాయిలను వెనుకకు తీసికొని కరగించి, 1912లో ఏనుగును సరిదిద్ది క్రొత్త అచ్చు వేసెను. పెసరగింజంత బొమ్మ ఒక సామ్రాజ్యమును వెనుకకు తగ్గించినది! నాణెముపై బొమ్మను ప్రజలు చూడరనియు, చూచినను పట్టించుకొనరనియు తలచువారికి ఇది జవాబు. నేడు ఆ 1911 రూపాయి సేకరణప్రియులకు ప్రియమైన వస్తువు. ప్రియమైనది కనుకనే కొనువాడు నకిలీలను గూర్చి జాగరూకుడై యుండవలెను. నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి శాసనము ననుసరించి పురావస్తువనియు, దానిని స్వేచ్ఛగా దేశము దాటింపరాదనియు గూడ తెలిసికొని యుండవలెను.

1835లో కుంఫిణీవారు స్థిరపరచిన రూపాయి తులము తూకము గలది. అందు పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు స్వచ్ఛమైన వెండి. నూరేండ్లకు పైగా అది చెల్లెను. రెండవ ప్రపంచయుద్ధము వచ్చినంతనే వెండికి కరవు వచ్చి, 1940లో వన్నె సగమునకు దిగెను. యుద్ధము ముగియగా వెండి పూర్తిగా తొలగి నికెలు వచ్చెను. 1946, 1947 సంవత్సరములలో వచ్చిన ఆ నికెలు నాణెముల బొరుసుపై పెద్దపులి నడచుచుండెను. వెండి పోయెను, పులి వచ్చెను! స్వాతంత్ర్యము వచ్చిన యేటి రూపాయిపై ముందు పరదేశపు రాజు, వెనుక మనదేశపు పులి. 1950లో రాజు తొలగి సారనాథ స్తంభపు సింహములు వచ్చినవి. ఈ హైదరాబాదు రాష్ట్రమున మాత్రము ఉస్మాన్ అలీ ఖాన్ నిజాము వెండి రూపాయిపై చార్మినారు ఉండెను, మృగము లేదు. ఇటీవలివారికి బాగుగా జ్ఞాపకముండునది ఖడ్గమృగపు పావలా. 1988 మొదలు ఉక్కుతో చేసిన ఆ నాణెము పిల్లల మిఠాయిబిళ్ళలకు చెల్లెను. 2011 జూను 30తో పావలాయే చెల్లకపోయెను.

ఈ కథలో ఒక నీతి కలదు. పావలా పోయెను, ఖడ్గమృగము కాజీరంగాలో నేటికిని బ్రతికియున్నది. అది బ్రతికినది నాణెముపై నుండుటచేత కాదు, అడవిలో కాపున్నందున. ఇక సింహమును చూడుడు. శాతవాహనుల నాణెములపై సింహము కలదు, విష్ణుకుండినుల నాణెములపై సింహము కలదు, నేడు మన చేతిలోని ప్రతి నాణెముపై సింహములు కలవు. ప్రాణముతో సంచరించు అడవిసింహము మాత్రము ఆసియా ఖండమంతట గుజరాతు గిరి ప్రాంతమున దప్ప మరెచ్చటను లేదు. చీతాను 1952లో మనదేశమున అంతరించినదిగా ప్రకటించిరి. 2022లో ఆఫ్రికానుండి తెచ్చి మధ్యప్రదేశ్ కూనో వనములో విడువవలసి వచ్చినది. ముద్రకు మృగమును రక్షించు శక్తి స్వతహాగా లేదు. మృగము పోయిన తరువాతను ముద్ర నిలిచియుండును; అప్పుడది గౌరవచిహ్నము గాక శ్రాద్ధపత్రిక యగును.

ఇప్పటి వెండిమృగముల వర్తకమును ఈ దృష్టితో పరిశీలింతము. చైనావారు 1983 నుండి వెండిపై పాండాను వేయుచున్నారు. కెనడావారు 2011 మొదలు 2013 వరకు తోడేలు, ఎలుగుబంటి మొదలుగా ఆరు మృగములతో ఒక వరుస వేసిరి. సొమాలియా దేశము పేరిట వచ్చు ఏనుగు నాణెమును 2004 నుండి జర్మనీ దేశపు మ్యూనిక్ టంకశాల ముద్రించుచున్నది. సొమాలియా సంతలో ఆ నాణెమిచ్చి ఎవరును గోధుమలు కొనరు. ఆఫ్రికా ఏనుగు, జర్మనీ పనితనము, లోకమంతట కొనుగోలుదారులు. ఇదియే ఈ వ్యాపారపు స్వరూపము. పనితనము మెచ్చదగినదే. ఏనుగు చర్మముపై ముడుతలు సైతము లెక్కింపవచ్చును. అయితే కొనువాడు దేనికి ధర చెల్లించుచున్నాడో తెలిసి చెల్లింపవలెను.

ఇట్టి నాణెము ధరలో మూడు పొరలుండును. మొదటిది వెండి ధర. విదేశపు నాణెము సామాన్యముగా ఒక ఔన్సు, అనగా ఇంచుమించు 31 గ్రాముల 100 మిల్లిగ్రాములు. రెండవది మజూరీయు పన్నును. వెండిపై నూటికి మూడు రూపాయల వస్తుసేవల పన్ను కలదు. మూడవది అరుదుతనమునకు వేయు ధర. మొదటి పొర ఎన్నడును పూర్తిగా పోదు. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి పైకి పోవుట అందరు చూచినదే. రెండవ పొర కొన్ననాడే పోవును. మూడవ పొర కొనువాని కోరికపై నిలుచును గాని వస్తువుపై నిలువదు. అవసరము వచ్చి, అమ్మబోయిననాడు, నగల వర్తకుడు ఏనుగును చూడడు, త్రాసును చూచును. అతని తప్పు లేదు. అతడు వెండి వ్యాపారి, ఏనుగుల వ్యాపారి కాడు. బిడ్డ పెండ్లికని, చదువుకని మధ్యతరగతి గృహస్థుడు కూడబెట్టిన ధనము మూడవ పొరలో చిక్కుకొనరాదనియే మా హెచ్చరిక. సంతోషమునకు కొనునది వేరు, దాచుకొనుటకు కొనునది వేరు. ఒకే బిళ్ళతో రెండు పనులు నెరవేరునని చెప్పువానిని రెండు మారులు ప్రశ్నింపుడు.

మరియొక భేదమును గూడ గ్రహింపవలెను. మనదేశమున నాణెము ముద్రించు అధికారము 2011 నాటి నాణెముల శాసనముచే కేంద్రప్రభుత్వమునకే చెందినది. ప్రభుత్వ టంకశాలలో ముద్రితమై, విలువ వ్రాయబడి, రాజపత్రమున ప్రకటింపబడినదే నాణెము. ప్రైవేటు సంస్థలు వేయునవి ఎంత అందముగా నున్నను బిళ్ళలే. బిళ్ళ కొనుట తప్పు గాదు. బిళ్ళను నాణెమని చెప్పి అమ్ముట తప్పు. వెండి వస్తువులకు గూడ విడివిడి గుర్తుసంఖ్యతో హాల్‌మార్కు వేయు పద్ధతి 2025 సెప్టెంబరు 1 నుండి ఆరంభమైనది గాని అది ఇంకను ఐచ్ఛికముగానే మొదలైనది. కొనువారు పట్టుబట్టి అడిగిననే ఐచ్ఛికము ఆచారమగును.

ఇంతకును మృగమునకు దక్కిన దేమి? మూడవ పొర ధర మృగమును చూపి వసూలు చేయబడుచున్నది. తోడేలు బొమ్మ లేకున్న ఆ వెండికి ఆ ధర రాదు. న్యాయముగా చూచిన, అది మృగము సంపాదించిన ధనము. అందులో ఒక దమ్మిడీయైన మృగమున్న అడవికి పోవుచున్నదా యని అడుగువారేరి? ఇది జరుగరాని పని కాదు. 1970వ దశకమున అనేక దేశముల ప్రభుత్వములు ప్రపంచ వన్యప్రాణి నిధితో కలిసి మృగముల వెండి నాణెములను ముద్రింపించి, వచ్చిన రాబడిలో భాగమును మృగరక్షణకు వినియోగించినవి. నాడు జరిగినది నేడు జరుగకుండుటకు కారణము లేదు.

మనదేశముననే పులికథ చూడుడు. 1972 గణనలో దేశమంతట 1,827 పులులని తేలెను. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ ప్రణాళిక మొదలయ్యెను. వేట నిలిచెను, అభయారణ్యములు వెలసెను, కావలివారు నియుక్తులైరి. లెక్కించు పద్ధతులు మధ్యలో మారినను, 2022 అంచనా 3,682 అని చెప్పుచున్నది. ఏబది ఏండ్ల కృషి తరువాత, 2023 ఏప్రిల్ 9న మైసూరులో ప్రధానమంత్రి పులి ముద్రగల 50 రూపాయల స్మారక నాణెమును విడుదల చేసిరి. పని ముందు, ముద్ర తరువాత. ఇదియే ధర్మమైన వరుస. ఆ నాణెమును చేతబట్టినవాడు కేవలము లోహమును గాక ఒక జాతి చేసిన పనికి సాక్ష్యమును చేతబట్టినవాడు.

ఆ న్యాయము ననుసరించియే మేము హరిణ వనస్థలి పక్షమున వాదించుచున్నాము. పులిపథకమునకు ఏబది ఏండ్లు నిండగా నాణెము వచ్చెను. 1975లో ఏర్పడిన హరిణ వనస్థలికి 2025తో ఏబది నిండినవి. ఈ ఏబది ఏండ్లలో దాని చుట్టును జరిగినదేమి? దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్, వనస్థలిపురము, హయత్‌నగర్ ఒకదానితో నొకటి కలిసిపోయినవి. పొలములు కాలనీలైనవి. పగలనక రాత్రియనక బాటపై బండ్ల మ్రోత. నడుమ ఆ వనమొక్కటి దీవివలె మిగిలినది. కృష్ణజింక దట్టమైన అడవిని కోరు మృగము కాదు. విశాలమైన గడ్డినేలను కోరునది, కనుచూపు మేర ఖాళీ యున్ననే పరుగెత్తగలది. నగరమున ఖాళీనేలకంటె దుర్లభమైన దేమి కలదు? అట్టి నేలను ఒక జింకకొరకు అట్టిపెట్టిన నగరము లోకములో ఎన్ని కలవు? గొప్ప చెప్పుకొనదగిన విషయము మన ఇంటిముంగిటనే యుండగా, మనము కంగారూను కొని తెచ్చుకొనుచున్నాము. పొరుగింటి పుల్లకూర రుచి యనుట ఇందుకే. పెరటిచెట్టు మందునకు పనికిరాదనుటయు ఇందుకే.

కృష్ణజింక సామాన్య మృగమా? కృష్ణసారము స్వేచ్ఛగా సంచరించు దేశమే యజ్ఞమునకు తగిన దేశమని మన ధర్మశాస్త్రము. ఉమ్మడి రాష్ట్రమున అదియే రాష్ట్రమృగము. 1972 నాటి వన్యప్రాణి శాసనము దానికి మొదటి షెడ్యూలులో, పులితో సమానముగా, రక్షణ నిచ్చినది. మెలితిరిగిన కొమ్ములు, నల్లని వీపు, తెల్లని కడుపు. నలుపు తెలుపుల ఆ విభజన వెండిపై పలుకునట్లు మరి ఏ మృగము పలుకును? చెక్కువానికి అంతకంటె మంచి వస్తువు దొరకదు.

చెక్కించుటకు దూరము పోనక్కరలేదు. టంకశాల మన నగరములోనే కలదు. 1803లో సుల్తాన్‌షాహీలో నెలకొని, 1903లో సైఫాబాదునకు మారి, 1950లో భారతప్రభుత్వము చేతికి వచ్చి, 1997లో నగరపు తూర్పుననే యున్న చర్లపల్లికి చేరిన సంస్థ యది. సంవత్సరము క్రింద నక్షత్రపు గుర్తున్న నాణెము మీ జేబులో నున్న, అది హైదరాబాదులో పుట్టినది. నందమూరి తారక రామారావు శతజయంతికి వచ్చిన 100 రూపాయల స్మారక నాణెము, సగము వెండిగలది, ఈ హైదరాబాదు టంకశాలలోనే ముద్రితమై, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి చేతులమీదుగా విడుదలయ్యెను. తెలుగువారెంత ఉత్సాహముతో దానిని కొనిరో పాఠకులెరుగుదురు. శక్తి కలదు, యంత్రము కలదు, కొనువారు కలరు. కొరవడినది సంకల్పము మాత్రమే.

కావున మా కోరికలు మూడు. హరిణ వనస్థలి స్వర్ణోత్సవ స్మారకముగా కృష్ణజింక ముద్రగల వెండి నాణెమును కేంద్రప్రభుత్వము హైదరాబాదు టంకశాలనుండి వెలువరింపవలెను. దానితోపాటు అదే ముద్రగల సామాన్య లోహపు నాణెమును చెలామణికి విడువవలెను. శాతవాహనుని ఏనుగువలె ఆ జింకయు బస్సు టిక్కెట్టు కొనువాని చేతిలో, కూరగాయలమ్ము అవ్వ కొంగుముడిలో తిరుగవలెను. ఇది మొదటిది. వెండి నాణెము అమ్మకపు లాభములో నిర్ణీత భాగమును హరిణ వనస్థలి గడ్డినేలకు, నీటికుంటలకు, కావలివారికి వెచ్చించి, ఆ లెక్కను ఏటేట ప్రజలకు ప్రకటింపవలెను. ఇది రెండవది. వెండి బిళ్ళలు, నాణెములు అమ్ము ప్రతి దుకాణమును తూకము, వన్నె, మజూరీ, తిరిగి కొను ధర ఈ నాలుగింటిని తెలుగున వ్రాసి కొనువాని కంటికి కనబడునట్లు ఉంచవలెను. ఇది మూడవది. ఇందు మొదటి రెండును ప్రభుత్వము పని. మూడవది మన వర్తకులు రేపటినుండి తమంతట తామే చేయదగినది.

దీనికి కొందరు ఆక్షేపణలు చెప్పుదురు. ప్రభుత్వమునకు వేరు పనులు లేవా యందురు. ఏటేట ఎన్నో స్మారక నాణెములు వచ్చుచునే యున్నవి. అందు మరియొకటి భారము కాదు. వెండి ఇంత ప్రియమైననాడు ఇది పేదవానికేల యందురు. అందుకే సామాన్య లోహపు నాణెమును గూడ కోరితిమి. నాణెము వేసినంతనే జింక బ్రతుకునా యని అడుగుదురు. బ్రతుకదు, పైన సింహము కథ చెప్పినది ఆ సంగతి మరువకుండుటకే. లాభములో భాగము లేని నాణెమైనచో, లెక్క ప్రకటింపని నాణెమైనచో, అది మాకును అక్కరలేదు. రెండవ కోరిక నెరవేరనినాడు మొదటిదానిని మేమే వద్దందుము.

ప్రభుత్వము కదలువరకు పౌరులు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగరునకు మెట్రో రైలు వచ్చినది. ఆ బండి ఎక్కి నాంపల్లి ప్రాంతమున దిగిన పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో మన పూర్వరాజుల నాణెములు చూడవచ్చును. లక్డీకాపూల్ చెంత సైఫాబాదు పాత టంకశాలయే 2022 నుండి ప్రదర్శనశాలయై నిలిచినది. ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని పోయి నాణెమెట్లు పుట్టునో చూపుడు. మరుసటి ఆదివారము హరిణ వనస్థలికి కొనిపోయి జింకను చూపుడు. పాఠశాలలవారు ఈ రెండు యాత్రలను జతపరుపవలెను. ఆ తరువాత వెండి కొనదలచిన కొనుడు. జింక పరుగును కన్నులార చూచిన బాలుడు, పెద్దవాడై, కూడలిలో ఆ గడ్డినేలపై ఎవరైన కన్నువేసిననాడు మౌనముగా నుండడు. ఆ ఒక్కడి గొంతు నూరు వెండిబిళ్ళల పెట్టు.

గ్రంథాలయములలో, పఠనమందిరములలో ఈ పత్రికను చదువు పెద్దలను మేము అర్థించునది స్వల్పము. ఈ మూడు కోరికలు తగునని తోచినచో, ఒక కాగితముపై వ్రాసి, కూడియున్నవారు చేవ్రాళ్ళు చేసి, కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖకును, రాష్ట్ర అటవీశాఖకును, చర్లపల్లి టంకశాలకును పంపుడు. 1911లో ప్రజలు నోరు విప్పిరి గనుకనే సామ్రాజ్యము ఏనుగు తొండమును సరిదిద్దెను. నేడు ప్రభుత్వము మనది, టంకశాల మనది, జింక మనది. అడుగుటకు మనకేమి అడ్డము?